ముప్పై పలకల్లో ఒకే మేక

పలక 14,614

పర్యవేక్షకుడు చక్రపాణి ఒకే బొమ్మను ముప్పై గాజుపలకల మీదికి ఎక్కించాడు. ముప్పైసార్లు తన వేలిముద్ర వేసి, ముప్పై రోజులూ తన కళ్ళతో చూశానని అబద్ధమాడాడు. ఆ అబద్ధం వల్ల ఇంకో ఏడు రోజుల్లో, కంటికి కనబడనంత మెల్లగా కదిలే మా కొండ యాళి నిదానప్పను పేల్చి ముక్కలు చెయ్యబోతున్నారు.

ఈ పుస్తకంలో వాతావరణం, వెలుతురు, పలక సంఖ్య తప్ప మరేమీ రాయకూడదని మొదటి పేజీలో ఎర్రసిరాతో రాసి ఉంది. సరే. వాతావరణం: ముసురు. వెలుతురు: అంతంత మాత్రం. పలక సంఖ్య పైన ఉంది. ఇక మిగిలింది నా కోపం. అది కూడా ఈ కొండ వాతావరణమే.

మొన్న ఊరి నుంచి తిరిగొచ్చి పని అందుకున్నాను. రోజూ చేసేదే: మెట్ల మధ్యలోని నడిమి గది నుంచి కెమెరానూ స్టాండునూ అందుకుని మూడువందల పన్నెండు మెట్లూ ఎక్కడం, స్టాండు మూడు ఇనుపకాళ్ళనూ బండ మీది నిన్నటి గుంటల్లో దించడం, పొద్దున ఆరు నలభైకి ఒక్క బొమ్మ తియ్యడం. కెమెరా వెనక అద్దం మీద ఒక సున్నా గీసి ఉంటుంది. నిదానప్ప మూతి సరిగ్గా ఆ సున్నాలో పట్టాలి. అదీ నియమం. మొన్న చూస్తే మూతి సున్నా గీత దాటి ఉంది. చక్రపాణి స్టాండుకు కాలు తగిలించి ఉంటాడని తిట్టుకుంటూ, కాళ్ళను బియ్యపుగింజంత వెనక్కి జరిపి సరిచేశాను.

నిన్న శిలామండలి ఆర్డరు వచ్చింది. ‘ముప్పై వరుస పలకల్లో కదలిక లేనందున, సదరు యాళి ప్రాణి కాదనీ, రాయి అనీ నిర్ధారించడమైనది. సముద్రపు కట్టకు తరలించవలెను. పేలుడు: పలక 14,621 రోజు, ఉదయం ఏడు గంటలు.’

ఈ పొద్దు ఆ ముప్పై పలకలనూ కిటికీ వెలుతురుకు పట్టుకుని ఒక్కొక్కటే చూశాను. బొమ్మ కింది మూల దస్తగిరమ్మ మేకపోతు ‘మంత్రి’ నిలబడి ఉన్నాడు. నోట్లో ఒక గడ్డిపరక. రెండో పలకలోనూ అదే పరక. పదో పలకలోనూ అదే. ముప్పయ్యో పలకలోనూ అదే.

కిందికి దిగి టీకొట్టు దగ్గర దస్తగిరమ్మను అడిగాను. “అక్కా, నీ మంత్రి ఒక్క పరకను నెలరోజులు నములుతాడా?”

“యా మంత్రి మే? వాడు సచ్చి ఇరవై నాలుగు దినాలాయ గదా! కొత్త నీళ్ళతొట్టి కట్టిన పండగనాడు కోస్తిమి. నువ్వు ఊర్లో ల్యాకపోతివి. తొడముక్క మీ సారుకే ఏస్తి.”

చచ్చిన మేక ఇరవై ఒక్క పలకల్లో గడ్డి మేస్తోంది. దాన్ని తిన్నవాడే దానికి సాక్షి.

పలక 14,615

వాతావరణం: నిన్నటిదే. నాదీ నిన్నటిదే.

నాకు చదువు చెప్పింది బడి కాదు, కరపత్రాలు. టీకొట్టులో బజ్జీలు కట్టిచ్చే కాగితాల్లో కూడా కరపత్రం ఉందేమోనని విప్పి చూసే రకాన్ని. ‘చూసినవాడి బాధ్యత’ అనే ఎనిమిది పేజీల కరపత్రం నాకు నోటికొచ్చు. యంత్రాలు అడిగిన బొమ్మనల్లా గీసిచ్చిన కాలం ఒకటి ఉండేదనీ, ఆ రోజుల్లో చనిపోయినవాళ్ళు ఉపన్యాసాలిచ్చారనీ, జరగని దొమ్మీలకు మనుషులు జైళ్ళకు వెళ్ళారనీ అందులో ఉంది. అందుకే ఇప్పుడు గాజుపలక మీద వెలుతురు తనంతట తాను దించిన బొమ్మ, దాని అంచున కళ్ళారా చూసిన మనిషి వేలిముద్ర, ఈ రెండూ ఉంటేనే రుజువు. వేలిముద్ర అంటే మాట. ఆ మాటను చక్రపాణి మేకమాంసంతో నంజుకున్నాడు.

పొద్దున బొమ్మ తియ్యగానే నేరుగా ఆయన గదికి వెళ్ళి తలుపు బాదాను.

“ఏమిటమ్మా మారెక్కా, ఆ తలుపేం చేసింది నిన్ను?”

“సార్, మీరు మంత్రిని తిన్నారా, లేదా?”

“ఏ మంత్రి?”

“మేక.”

“తిన్నాను. బాగా ఉడికింది కూడా. అయితే?”

“తిన్న మర్నాడు అది కొండ మీద మేస్తోంది సార్. ఆ తర్వాత ఇరవై రోజులూ మేస్తూనే ఉంది. మీ వేలిముద్రతో.”

ఆయన ముఖం నిమ్మతొక్కలా అయింది. గుమ్మం మీదే కూలబడి పంచె పైకి లాగాడు. కుడి మోకాలు కొబ్బరికాయంత ఉంది.

“నడిమి గది దాకా నూట నలభై మెట్లు ఎక్కేవాణ్ణమ్మా, రోజూ. ఊరంతా చూసేది. పైన ఇంకో నూట డెబ్బై రెండు. మొదటిరోజు ఎలాగో ఎక్కాను. రెండో రోజు నా వల్ల కాలేదు. ఒక్కరోజే కదా, అది రోజుకి వెంట్రుకంత కూడా కదలదు కదా అని నిన్నటి పలక నుంచే ఇంకోటి దించాను. మూడో రోజు వాన. నాలుగో రోజుకి అలవాటైపోయింది.”

“ముప్పై అయితే రాయి అంటారని మీకు తెలీదా?”

“ఎన్నయ్యాయో లెక్కపెట్టలేదు. ఆర్డరు చూశాకే తెలిసింది.”

మండలితో కుమ్మక్కయ్యాడనీ, ఏదో పెద్ద కుట్ర ఉందనీ రాత్రంతా మనసులో ఉపన్యాసం తయారు చేసుకుని వెళ్ళాను. తీరా చూస్తే కుట్ర స్థానంలో వాచిన మోకాలు ఉంది. నాకు ఇంకా మండింది.

“సిగ్గులేదా సార్ మీకు?”

ఆయన నా వైపు చూసి మెల్లగా అడిగాడు. “ఉంది. కానీ ఆ ముప్పై రోజులు ఎవరివి, మారెక్కా?”

వెనక్కి తిరిగి వచ్చేశాను.

పలక 14,616

నావి.

ఆ ముప్పై రోజుల వంతు నాది. సముద్రపు ఊళ్ళో పలకకారుల మహాసభ జరుగుతోందని కరపత్రం వచ్చింది. నడిచి పోవడానికి పదమూడు రోజులు, సభ నాలుగు రోజులు, రావడానికి పదమూడు రోజులు. “మీరు చూసుకోండి సార్, ప్రజల పని మీద వెళ్తున్నాను” అని ఆయన చేతిలో తాళంచెవి పెట్టి వెళ్ళాను. మోకాలి సంగతి ఆయన ఆ రోజే చెప్పాడు. నేను అప్పటికే మూడో మెట్టు దిగాను. సభలో ‘చూసినవాడి బాధ్యత’ మీద పావుగంట మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. సరిగ్గా అదే రోజు ఇక్కడ చూసేవాడు లేడు.

అది రాసేశాను. ఇక పని.

పొద్దున పొద్దు కాసేపు పొడిచింది. చక్రపాణి కర్ర పట్టుకుని, ఎండ మెరుపులతో మండలికి కబుర్లు పంపే అద్దాలగుట్ట దాకా కుంటుకుంటూ వచ్చాడు. తప్పు ఒప్పుకుంటూ తన నోటితోనే కబురు చెప్పాడు. గుట్ట మీది అద్దం తళుక్కు తళుక్కుమంటూ ఎనిమిది కొండలు దాటించింది. మధ్యాహ్నానికి జవాబు మెరిసింది.

‘ముప్పై పలకలు రద్దు. పర్యవేక్షకుడిపై విచారణ తర్వాత. కదలికకు కొత్త రుజువు లేనందున పేలుడు యథాతథం.’

“రద్దయితే ఆర్డరూ రద్దు కావాలి కదా సార్!” అని అరిచాను.

“అద్దం మీద అరిస్తే అక్కడికి వినబడదమ్మా,” అన్నాడు చక్రపాణి. “కట్టకి రాయి కావాలి. సముద్రం నిరుటి నుంచి నాలుగు ఊళ్ళు మింగింది. తవ్వక్కర్లేకుండా విడిగా నిలబడి ఉన్న రాయి వాళ్ళకి ఇదొక్కటే.”

కట్ట వద్దని నేననను. ఆ ఊళ్ళను చూసే వచ్చాను, గుమ్మాల దాకా నీళ్ళు. కానీ కొండంత కొండ పక్కనే ఉంటే తవ్వడానికి బద్ధకించి ప్రాణమున్నదాన్ని కొయ్యడమేమిటి? బద్ధకం మోకాలికి వస్తే క్షమించొచ్చేమో. మండలికి వస్తే ఎలా?

ఆ తర్వాత మబ్బు కమ్మింది. అద్దం ఇక మెరవదు.

పలక 14,617

మహాసభలో నేర్చుకున్నది ఒకటి పనికొచ్చేలా ఉంది. సభాపలక. ఒకే పలక మీద నూరుగురు సాక్షులు వేలిముద్ర వేస్తే, విచారణ జరిగేదాకా ఏ ఆర్డరైనా ఆగాలి. మా మూడుమెట్ల పేటలో నూట అరవై మంది ఉన్నారు. నూరు వేళ్ళు పెద్ద లెక్కా?

మధ్యాహ్నం టీకొట్టు తలుపులు మూయించి, గోడకు తెల్లపంచె కట్టి, అందరికీ నిదానప్ప సినిమా వేశాను. నలభై ఏళ్ళ పలకలు వరసగా తిప్పితే పది నిమిషాలు. ఏటా ఒకసారి వేస్తాం. పిల్లాజెల్లా దొర్లి దొర్లి నవ్వుతారు.

మొదట్లో నిదానప్ప నిద్రలో ఉంటుంది. సింహం మొహం, ఏనుగు తొండం తెగ్గోసినట్టున్న మూతి, గుర్రం నడుము. తర్వాత ఒక చెవి లేస్తుంది. నెత్తి మీద గద్ద ఏటేటా గూడు కట్టి, ఏటేటా ఖాళీ చేసి పోతుంటుంది. టోపీ పెట్టి తీసినట్టుంటుంది. ఆవులింత ఒక నిమిషం, అంటే నాలుగేళ్ళు. ఆ ఆవులింతలో పుట్టినవాళ్ళు మా పేటలో ఆరుగురున్నారు, నేనొకదాన్ని. ఆ తర్వాతే అసలు కామెడీ: నిదానప్ప ముందుకాలు ఎత్తి, దించి, ఇంకో కాలు ఎత్తి, ఉన్నచోటే కవాతు చేస్తుంది. ఒక్క అంగుళం ముందుకు పోదు. చివరి మూడేళ్ళుగా ముక్కుపుటాలు ఉబ్బుతున్నాయి. అది తుమ్ముతుందని సగం ఊరు, మళ్ళీ ఆవులిస్తుందని సగం ఊరు.

కుళ్ళాయప్ప తాత ముందు వరసలో కూర్చున్నాడు. డెబ్బై మూడేళ్ళు, రెండు కళ్ళకూ పొర. మొదటి పలక తీసింది ఈయనే. నవ్వులు వినబడినప్పుడల్లా నా మోచెయ్యి గిల్లుతాడు. “ఇబ్బుడేం జేస్తాండాడు పాపా?”

“కవాతు, తాతా.”

“ఆఁ, కవాతు. నిలబడి కవాతు జేసేటోడు ఈ లోకంలో వాడొకడే.”

సినిమా అయ్యాక సభాపలక సంగతి చెప్పాను. “నూరు వేళ్ళు కావాలి. ఎవరెవరు?” అన్నాను. చేతులు లేవబోయాయి. దస్తగిరమ్మ అడ్డం వచ్చింది.

“ఆగుండప్పా. ఏం మే, ఏం సూసినామని వేలెయ్యాల? నెలదినాల్లో అది కదిలింది నువ్వు సూసినావా?”

“లేదు. కానీ అది కదులుతుందని నీకు తెలుసు కదక్కా!”

“తెలుసు. సూళ్ళేదు. తెలిసింది వేరే, సూసింది వేరే. సూడకుండా వేలేసినాడని ఆ సారును రెండు దినాలుగా తిడతాండావే, మమ్మల్నీ అదే పని జెయ్యమంటాండావా?”

లేచిన చేతులు దిగిపోయాయి. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో రాయను, ఎందుకంటే ఆమె మాటే సరైనది.

పలక 14,618

పేలుడుమందు బండితో పదకొండు మంది వచ్చారు. పెద్దమేస్త్రి పేరు మద్దిలేటి. భుజం మీద తువ్వాలు, చెవిలో వేపపుల్ల. వస్తూనే మెట్లన్నీ ఎక్కి నిదానప్ప ఎదుట నిలబడి, ముక్కు వైపు చాలాసేపు చూశాడు.

“ఇది తుమ్మేటట్టుంది గదమ్మా.”

“మూడేళ్ళ నుంచి.”

“అదే నా తలనొప్పి. పని మొదలెట్టేటప్పుడు ఎవురన్నా తుమ్మితే ఆగాల. తుమ్మి అయిపోతే రెండు నిమిషాలు కూసోని లేసి పోవచ్చు. ఇది తుమ్మబోతానే ఉందాయె. నేను ఆగాల్నా, పోవాల్నా?”

“శకునాలు బుద్ధి లేనివాళ్ళకు మేస్త్రీ. ఒక ప్రాణిని చంపడం తప్పా కాదా, అది చెప్పు.”

“ప్రాణి అని పైవాళ్ళు అనల్యా. రాయి అన్న్యారు. నేను ముప్పై ఏండ్లుగా రాయి కొడతాండా. ఏ రాయీ నన్ను చూసి ముక్కు ఎగరెయ్యల్యా.” వేపపుల్ల చెవి మార్చాడు. “నీ మాటలు బాగుండాయి గానీ, నాకు కాగితం సూపీ. కాగితం ఉంటే ఇదే బండిలో ఎనక్కి పోతా. నాకేమన్నా దీనిమీద పగనా?”

కాగితం. నూరు వేళ్ళున్న పలక.

ఇక్కడొక సంగతి దాచకుండా రాయాలి. మద్దిలేటి దిగిపోయాక కెమెరా ముందు ఒక్కదాన్నే కూర్చున్నాను. కటకం గోరంత పక్కకు తిప్పి ఇంకో బొమ్మ తీస్తే చాలు, నిదానప్ప తల తిప్పినట్టే ఉంటుంది. నిన్నటిదీ ఇవాళ్టిదీ పక్కపక్కన పెడితే ఎవడూ కనిపెట్టలేడు. ఊళ్ళో అందరూ వేలేస్తారు. ప్రాణం నిలుస్తుంది. నా చెయ్యి కటకం మీదికి వెళ్ళింది. కొత్త పలక కూడా పెట్టాను.

తర్వాత ఆ పలక తీసి, వెలుతురు సోకించి పాడుచేసి, నడిమి గదిలో పెట్టేశాను. మంచి పని కోసం ఆడిన అబద్ధమని ఎవడికి చెప్పను? ఆ కాలంలో యంత్రాలను నడిపినవాళ్ళు కూడా మొదట అదే చెప్పి ఉంటారు.

మూడు రోజులుంది.

పలక 14,619

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు బాగుండవు.

పొద్దున బొమ్మ తీసి దిగాక కుళ్ళాయప్ప తాతకు టీ ఇచ్చి పక్కన కూర్చున్నాను. ఆయన నన్ను ఓదార్చడానికి తనకు తెలిసిన ఒకే ఒక్క కథ మొదలుపెట్టాడు. వందసార్లు విన్నదే.

నలభై ఏళ్ళ కిందట ఏడుగురు అన్వేషకులు గండభేరుండాన్ని పట్టుకుందామని ఈ కొండెక్కారు. పెద్ద వల, పెద్ద గంట, రెండు తలలకూ రెండు ముక్కుతాళ్ళు తెచ్చుకున్నారు. గండభేరుండం దొరకలేదు. వానకు చిక్కి మూడు నెలలు బండ మీదే గుడారం వేశారు. వంటకు మూడు రాళ్ళు కావాలి. రెండు దొరికాయి. మూడోదిగా కొండలోంచి పొడుచుకొచ్చిన ఒక గుండ్రాయి ఉంటే, దాన్నే పొయ్యిరాయి చేశారు. అది నిదానప్ప కాలివేలు.

“దినామూ ఎసరు ఒక పక్కకు ఒరుగుతాది,” అన్నాడు తాత. “నేను లేసి కుండ సరిజేస్తా. నిన్న పొయ్యి పెట్టినోడు వంకరగా పెట్టినాడని లాలెప్పను తిడతా. వాడు నన్ను తిడతాడు. ఒగరినొగరు తిట్టుకుంటా మూడు నెలలు కుండ సరిజేసినాం గానీ, పొయ్యిరాయి కదుల్తాందని ఏడుగురిలో ఒక్కనికీ తట్టల్యా! ఒకనాడు కుండ బోర్లబడి లాలెప్ప కాలు కాలె. అబ్బుడు కింద సూస్తే…”

వందసార్లు విని వందసార్లు నవ్వాను. ఈసారి ఆ కుండ దగ్గరే ఆగిపోయాను.

నిన్నటివాడు వంకరగా పెట్టాడు. నేను సరిచేశాను.

మొన్న తిరిగొచ్చిన రోజు నేనేం చేశాను? మూతి సున్నా దాటితే చక్రపాణిని తిట్టుకుంటూ స్టాండు వెనక్కి జరిపాను. చక్రపాణి ఆ నెలలో పైకి వచ్చిందే ఒక్కరోజు. స్టాండు నడిమి గదిలో ఉంది. కాలు తగిలించేవాడే లేడు!

తాత చేతిలో గ్లాసు పెట్టి, నడిమి గదిలో కెమెరానూ స్టాండునూ మళ్ళీ అందుకుని మెట్లు ఎక్కాను. ఎలా ఎక్కానో తెలీదు. బండ మీద బోర్లాపడుకుని చూశాను. స్టాండు మూడుకాళ్ళు దిగే చోట మూడు గాడులు. వాననీటి కాలువలని చిన్నప్పటి నుంచీ అనుకున్నవి. వేలు పెట్టి తడిమితే కాలువ కాదు. గుంట పక్కన గుంట, గుంటలో సగం తొలిచి ఇంకో గుంట. నలభై ఏళ్ళుగా ఇనుపకాలు గోరంత గోరంత వెనక్కి జరిగిన జాడ. మూడూ సమానం. తాడుతో కొలిచాను. మూడు మూరలు.

నిదానప్ప వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు. మూతి ఎప్పుడూ సున్నాలో ఉండాలన్నాం. అది ముందుకొస్తే మనం వెనక్కి జరిగాం. తప్పు నిన్నటివాడిదనుకున్నాం. అందుకే బొమ్మలో అది ఉన్నచోటే కాళ్ళాడిస్తున్నట్టు కనిపించింది. నిలబడి కవాతని నలభై ఏళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వాం.

అది కవాతు కాదు. నడక. నలభై ఏళ్ళలో ఒక అడుగు, ఇంకో అడుగులో సగం. ఎటు? ఆ గాడులు ఎటు పోతే అటు. కెమెరా వైపు. రోజూ పొద్దున ఆరు నలభైకి ఎవడో ఒకడు వచ్చి నిలబడే చోటు వైపు.

స్టాండు లేపి మూడు కాళ్ళనూ గాడుల మొదట్లో, మొట్టమొదటి గుంటల్లో దించాను. అద్దంలోకి చూశాను. సున్నా ఎక్కడుందో కనిపించలేదు. అద్దం నిండా మూతే.

పలక 14,620

మబ్బు విడవలేదు. అద్దాలగుట్ట మెరవదు. మండలికి మనిషిని పంపితే పదమూడు రోజులు. పేలుడు రేపు ఏడింటికి. కాబట్టి మండలిని అడగడం లేదు.

తాతను ఈ పొద్దు మద్దిలేటి మనుషులే మంచం మీద పైకి మోశారు. దస్తగిరమ్మ, చక్రపాణి, నేను వెనకాల. చక్రపాణి మెట్టు మెట్టుకూ కూర్చుని, మూడువందల పన్నెండూ ఎక్కాడు. దిగిపొమ్మన్నా వినలేదు. తాత వేలు పట్టుకుని మొదటి గుంటలో పెట్టాను. ఆయన చాలాసేపు తడిమాడు.

“ఇది నాదే. ఉలి జారి అంచు పగిలింది, సూడు. అబ్బుడు ఈన్నుంచి దాని మూతి పన్నెండు మూరలు.”

దస్తగిరమ్మ తాడు పట్టుకుని తనే కొలిచింది. నన్ను ముట్టనివ్వలేదు. తొమ్మిది వచ్చింది. మళ్ళీ కొలిచింది. తొమ్మిది. కొంగుతో ముఖం తుడుచుకుని నిదానప్ప వైపు తిరిగింది.

“ఏమప్పా, ఇంటికొచ్చే సుట్టానివా నువ్వు? వాకిట్లో నిలబెట్టి నవ్వితిమే ఇన్నేండ్లూ!”

మద్దిలేటి కెమెరా వెనక అద్దంలోకి తల దూర్చి, బయటికి తీసి, మళ్ళీ దూర్చాడు. “మరి ఆ ముక్కు? తుమ్ము కాదా?”

“తుమ్ము కాదు మేస్త్రీ. దగ్గరికొచ్చింది కదా. వాసన చూస్తోంది, మనం ఎవరమా అని.”

ఆయన వేపపుల్ల తీసి జేబులో పెట్టుకున్నాడు. “అయితే నాకు శకునం బాధ తప్పె. కానీ తల్లీ, ఆర్డరు ఆర్డరే. ఏడు కొడితే నేను వత్తి ముట్టించాల. ఏడు లోపల నూరు వేళ్ళ పలక నా చేతిలో పెట్టు. తొంభై తొమ్మిది తెస్తే నన్ను తిట్టుకోవద్దు.”

“నీ వేలు?”

“నా కండ్లతో సూస్తే నా వేలూ ఎయ్యచ్చుగా? అది ఏ చట్టంలో తప్పు?”

దిగొచ్చి ఇంటింటికీ తిరిగాను. ఇప్పటికి ఎనభై ఎనిమిది మంది వస్తామన్నారు. మాట ఇచ్చినవాళ్ళను లెక్కలో వెయ్యను, మెట్లెక్కినవాళ్ళనే వేస్తాను. ఇన్నేళ్ళుగా ఎవరెవరో రాసిన కరపత్రాలు చదివాను. ఇవాళ మొదటిసారి నేనే ఒకటి రాసి, నలభై నకళ్ళు తీసి, టీకొట్టు గోడకూ తొట్టి అంచుకూ ప్రతి గుమ్మానికీ అంటించాను. ఈ పుస్తకంలో వాతావరణం తప్ప రాయకూడదన్న నియమానికి చివరి దెబ్బగా ఇక్కడా అంటిస్తున్నాను.

మూడుమెట్ల పేట జనానికి,

ముప్పై పలకల అబద్ధం చక్రపాణిగారిది. ఆ ముప్పై రోజులు నా వంతు వదిలి వెళ్ళిన తప్పు నాది. నలభై ఏళ్ళు స్టాండు వెనక్కి జరిపిన తప్పు, కొండెక్కిన ప్రతి పలకకారుడిదీ. ఆ నడక చూసి నవ్విన తప్పు మనందరిదీ. ఇక దీన్ని ఎవరి మీదికీ నెట్టలేం.

రేపు స్టాండు మొదటి గుంటల్లో ఉంటుంది. మూతిని సున్నాలో పెట్టడానికి ఎవరూ ఒక్క వెంట్రుక కూడా జరపరు. అదే గుంట, అదే గంట, నలభై ఏళ్ళ తర్వాత ఒక్క బొమ్మ. మొదటి పలక పక్కనే పెడతాను. వెలుతురు పడగానే వచ్చి ఒక్కొక్కరూ కెమెరా అద్దంలోకి చూడండి. తాడుతో కొలవండి. నా మాట నమ్మి వెయ్యకండి, మీ కళ్ళు ఒప్పుకుంటేనే వేలెయ్యండి. కళ్ళు కనబడనివాళ్ళు గుంట తడిమి చూడండి, కుళ్ళాయప్ప తాత దగ్గరుండి చూపిస్తాడు. మోకాళ్ళ నొప్పులవాళ్ళను మోసుకుపోవడానికి నాలుగు మంచాలు కింద మెట్టు దగ్గర ఉంటాయి. ముందుగా అడగండి. అడగడానికి సిగ్గుపడితే ఏమవుతుందో చూశాం.

నిదానప్ప నలభై ఏళ్ళుగా మన వైపు నడుస్తోంది. మనం మూడువందల పన్నెండు మెట్లు దాని వైపు నడవాలి.

రేపు పొద్దున, ఆరు నలభైకి, కొండ మీద, కెమెరా దగ్గర.